కరెంటు పెట్టడం: 33 సిట్టింగుల లెక్క ఎక్కడిది?

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద "రేడియం" అని బోర్డు కనిపిస్తే మనకి గుర్తొచ్చేది బండి నంబర్ ప్లేటు. రాత్రి లైటు పడితే మెరిసే స్టిక్కరు. అందులో రేడియం చుక్కంత కూడా ఉండదు, పేరు మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చి అతుక్కుపోయింది. అదే మాటని 1955లో హైదరాబాదు జనం ఇంకో బోర్డు మీద చదివారు. రెడ్‌హిల్స్‌లో, లక్డీకాపూల్ దగ్గర, మెహదీ నవాజ్ జంగ్ రేడియం ఇన్‌స్టిట్యూట్ అండ్ కాన్సర్ హాస్పిటల్. మనం ఎమ్.ఎన్.జె. అంటాం, ఊళ్ళవాళ్ళు కాన్సర్ దవాఖాన అంటారు.

ఈ మెహదీ నవాజ్ జంగ్ ఎవరో చాలామందికి తెలీదు. నిజాం కొలువులో పెద్ద అధికారి, తర్వాత బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో మంత్రి, 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొదటి గవర్నరు. ఇన్ని పదవులు చేసినాయన పేరు జనం నోట్లో నిలిచింది మాత్రం మూడక్షరాల ఆసుపత్రిగానే.

ఆసుపత్రి పేరులో "రేడియం" ఎందుకంటే, అప్పట్లో కాన్సర్ వైద్యమంటే కత్తి, లేకపోతే రేడియం. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ పదార్థం ఎంత ఖరీదంటే, 1921లో అమెరికా మహిళలు చందాలు పోగేసి మేరీ క్యూరీకి బహుమతిగా ఇచ్చిన ఒక్క గ్రాము రేడియం విలువ లక్ష డాలర్లు. సూదుల్లో, గొట్టాల్లో పెట్టి గడ్డ లోపలో పక్కనో ఉంచేవాళ్ళు. పెట్టే డాక్టరు చేతులకీ అంతో ఇంతో తగిలేది.

మా నల్గొండ జిల్లా వైపు ఎవరూ రేడియం అనరు, రేడియేషన్ అని కూడా అనరు. "కరెంటు పెడుతున్నరు" అంటారు. "ఎన్ని కరెంట్లు అయినయి?" "పదహారు అయినయి, ఇంకా పదిహేడున్నయి." ఎల్.బి.నగర్ చౌరస్తాలో విజయవాడ వైపు నుంచో సాగర్ రోడ్డు నుంచో వచ్చిన బస్సు దిగి, మెడ చుట్టూ మెత్తటి తువ్వాలు కప్పుకుని, చేతిలో ఆసుపత్రి ఫైలున్న కవరు పట్టుకున్న మనుషుల్ని మీరు చూసే ఉంటారు. చైతన్యపురి, గడ్డిఅన్నారం, కొత్తపేట సందుల్లో టూలెట్ బోర్డులు మన కోచింగు పిల్లల కోసమే అనుకుంటాం గానీ, రెండు నెలలకి ఒక గది చాలు అని అడిగేవాళ్ళలో వీళ్ళూ ఉంటారు.

మరి ఆ ముప్ఫై మూడు ఎక్కణ్ణుంచి వచ్చింది? కోడులో ఎప్పుడో ఎవరో పెట్టిన మేజిక్ నంబరు చూస్తే మనకి చెయ్యి దురద పెడుతుంది కదా, ఇదెందుకు 33, 30 పెడితే ఏమవుతుంది, ఒకేసారి మొత్తం ఇచ్చేస్తే ఏం పోతుంది అని. మా పెద్దనాన్నకి గొంతు కాన్సరొచ్చి మా ఇంట్లో ఉండి కరెంటు పెట్టించుకున్న రోజుల్లో నాకూ అదే దురద పుట్టింది. దాని సంగతే ఈ టపా.

నిజానికి మొదట్లో ఒకేసారే ఇచ్చేవాళ్ళు, లేదా రెండు మూడు పెద్ద డోసుల్లో. 1895 నవంబరులో రాంట్జెన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టాడు, మరుసటేడాదికే వాటిని కాన్సరు మీద ప్రయోగించడం మొదలైపోయింది. గడ్డ కరిగేది, దాంతో పాటే చర్మమూ కండా కాలిపోయేవి. ఇక్కడే పారిస్‌లో క్లాడియస్ రెగో అనే ఆయన రంగంలోకి వస్తాడు. ఆయన ప్రయోగం కాస్త విచిత్రమైనది. పొట్టేళ్ళ వృషణాలు తీసుకున్నాడు. వీర్యకణాలు తయారుచేసే కణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి, అంటే కాన్సరు కణాల్లాంటి స్వభావం. పైనున్న చర్మం మామూలు కణజాలం. ఒకే దెబ్బలో పెద్ద డోసు ఇస్తే, లోపలి కణాలు చావాలంటే పైచర్మం నాశనం కావాల్సిందే. అదే డోసుని ముక్కలు చేసి రోజుల తరబడి ఇస్తే పొట్టేలు గొడ్డుపోయింది, చర్మం మాత్రం బతికింది. 1920ల నాటి సంగతి ఇది. రెగో దగ్గరే పనిచేసిన హెన్రీ కుటార్ ఇదే పద్ధతిని గొంతు కాన్సరు రోగుల మీద పెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా ఇస్తూ, అంతకుముందు ఎవరూ ఆశ పెట్టుకోని కేసుల్ని నయం చేసి చూపించాడు. 1922 నుంచి ఆ ఫలితాలు బయటికి రావడం మొదలైంది.

అంటే ఈ రోజు ఎల్.బి.నగర్లో బస్సు దిగే మనిషి ముప్ఫై మూడు సార్లు మిషన్ కింద పడుకోవడానికి మూలం వందేళ్ళ కిందటి పారిస్ పొట్టేళ్ళు!

లెక్క ఇలా ఉంటుంది. డోసుని గ్రే అనే కొలతలో చెప్తారు. గొంతు, నోటి కాన్సర్లకి మొత్తం 66 నుంచి 70 గ్రేలు మామూలు. రోజుకి 2 గ్రేల చొప్పున 33 నుంచి 35 సిట్టింగులు, వారానికి ఐదు. మామూలు కణానికి ఒక రాత్రి చాలు, దెబ్బతిన్న డీఎన్ఏని చాలావరకు బాగుచేసుకుంటుంది. కాన్సరు కణానికి ఆ రిపేరు సరిగ్గా చేతకాదు. ఆ తేడాని రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోవడమే మొత్తం వైద్యం.

వారానికి ఐదే ఎందుకు? ఇదీ అడగాల్సిన ప్రశ్నే. మామూలు కణాలకి కాస్త విశ్రాంతి అని ఓ కారణం చెప్తారు గానీ, నాకు కనిపించే అసలు కారణం శనాదివారాలు సెలవు కావడం. కాన్సరుకి వీకెండు ఉండదు. డెన్మార్క్ వాళ్ళు ఇది పట్టుకుని, తల, మెడ కాన్సర్లలో అదే మొత్తం డోసుని వారానికి ఆరు చొప్పున ఇచ్చి చూస్తే గడ్డ మీద పట్టు పెరిగిందని 2003లో ప్రచురించారు. ఒక్క శనివారం పనిచేస్తే వచ్చిన తేడా అది.

ఎందుకొచ్చింది ఆ తేడా? ఈ పోస్టులో ఒక్క పేరా గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. చికిత్స మొదలైన మూడు నాలుగు వారాలకి, బతికి మిగిలిన కాన్సరు కణాలు ముందుకంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. 1988లో విథర్స్ బృందం తల, మెడ కాన్సర్ల రికార్డులన్నీ కలిపి చూసి ఈ సంగతి తేల్చింది. ఆ దశలో వైద్యం ఒక్కరోజు సాగినా గడ్డ అదుపులో ఉండే అవకాశం ఒక శాతం, ఇంకాస్త ఎక్కువ తగ్గుతుందని తర్వాతి అంచనాలు. గర్భాశయ ముఖద్వార కాన్సరులో కూడా బయటి నుంచి ఇచ్చేదీ లోపల పెట్టేదీ కలిపి మొత్తం ఎనిమిది వారాల్లోపు ముగించాలంటారు, కారణం ఇదే.

ఇప్పుడు మనిషి వైపు నుంచి చూడండి. మొదటి రెండు వారాలు ఏమీ అనిపించదు. ముఖానికి అచ్చు పోసినట్టు ఒక ప్లాస్టిక్ వల తొడిగి బల్లకి బిగిస్తారు. కదలకుండా పది నిమిషాలు పడుకోవాలి, అందులో కిరణం వచ్చేది నిమిషమో రెండు నిమిషాలో. నొప్పి ఉండదు. "గింతేనా!" అన్నాడు మా పెద్దనాన్న మొదటిరోజు. మూడో వారంలో నాలుక రుచి పోయింది. నాలుగో వారానికి నోరంతా పుండ్లు, ఉమ్మి తాడులా సాగడం, మెడ చర్మం నల్లబడటం. పులుసూ కారమూ తిని పెరిగిన మనిషికి చల్లార్చిన రాగి జావ, మజ్జిగన్నం మెత్తగా పిసికి ఇస్తే అదీ దిగదు. సరిగ్గా అప్పుడే ఇంకోటి జరుగుతుంది. గడ్డ చేతికి తగలకుండా పోతుంది. "గడ్డ పోయింది గదా బిడ్డా, ఇగ చాలు, ఇంటికి పోదాం. వరికోతలున్నయి" అన్నాడు.

ఆ మాట అన్న వారం, విథర్స్ చెప్పిన వారం ఒకటే. మనిషికి బాధ శిఖరానికి చేరే సమయం, గడ్డ కరిగిపోయిందని నమ్మకం కలిగే సమయం, చేతిలో డబ్బులైపోయే సమయం, మిగిలిన కణాలు పరుగందుకునే సమయం... నాలుగూ ఒకే వారంలో పడతాయి. ఊరికెళ్ళి పదిరోజులు ఉండి మళ్ళీ వస్తానంటే ఆ పదిరోజులూ పోయినట్టే, చివర్లో పది సిట్టింగులు కలిపినా మొత్తంగా తిరిగిరావు. మా పెద్దమ్మ ఈ వాదనలేవీ పెట్టుకోలేదు. "కోతలు నేను చూసుకుంట, నువ్వు పండు" అని ఊరికి ఆవిడే వెళ్ళిపోయింది. ఆయన పూర్తి చేశాడు.

సరే, మళ్ళీ చరిత్రలోకి. రేడియం కాలాన్ని ముగించింది కోబాల్ట్-60. 1951లో కెనడాలో రెండు ఊళ్ళలో, సస్కటూన్‌లో, ఒంటారియో రాష్ట్రపు లండన్‌లో, కొద్దిరోజుల తేడాలో మొదలైంది. మన దేశంలోకి 1957లో మద్రాసు అడయార్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. ఆ సంస్థ పెట్టింది డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. రియాక్టర్లో మామూలు కోబాల్టుని పెట్టి తయారుచేయొచ్చు కాబట్టి రేడియంతో పోలిస్తే చౌక. కరెంటు పోయినా మూలం పనిచేస్తూనే ఉంటుంది, రిపేర్లు తక్కువ. మన లాంటి దేశాలకి దశాబ్దాల పాటు ఇదే దిక్కు. తర్వాత భాభా అణుపరిశోధన కేంద్రం వాళ్ళు భాభాట్రాన్ పేరుతో దేశీయంగానే ఈ మిషన్ తయారుచేశారు.

కోబాల్టుతో ఒక చిక్కుంది, మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. దాని అర్ధాయువు 5.27 ఏళ్ళు. అంటే కొత్త మూలంతో ఒక రోగికి రెండు నిమిషాలు పట్టే పని ఐదేళ్ళు దాటేసరికి నాలుగు నిమిషాలు. బయట క్యూ మాత్రం ఐదేళ్ళలో సగమవ్వదు, రెట్టింపవుతుంది. సర్వరు ఏటా నెమ్మదిస్తుంటే ట్రాఫిక్ ఏటా పెరగడం అన్నమాట. మూలం మార్చడం ఆలస్యమైతే ఆ భారం పడేది పొద్దున ఆరింటికి వచ్చి కూర్చున్న వాళ్ళమీద.

ఇంకో భయం కూడా ఈ కోబాల్టు రోజుల్నుంచే అంటుకుంది. "కరెంటు పెట్టించుకున్నోళ్ళ దగ్గరికి పిల్లల్ని పంపొద్దు" అని. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఏదైనా, మిషన్ ఆగితే ఆగినట్టే. మనిషిలో ఏమీ మిగలదు. నమ్మకం కుదరకపోతే మామిడిపండు గుర్తుచేసుకోండి. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో కోబాల్ట్-60 కిరణాలు తగిలించిన మన మామిడిపళ్ళని 2007 నుంచి అమెరికాకి పంపుతున్నారు, అక్కడ జనం తింటున్నారు. పండులో రేడియేషన్ ఉండిపోతే వాళ్ళు తిననిస్తారా? శరీరం లోపల మందుగా ఇచ్చే రేడియో అయోడిన్ లాంటివి వేరే కథ, వాటికి జాగ్రత్తలు ఉంటాయి.

కోబాల్టు తర్వాత లీనియర్ ఆక్సిలరేటర్. రేడియోధార్మిక పదార్థం అక్కర్లేదు, ఎలక్ట్రాన్లని వేగంగా పరిగెత్తించి లోహాన్ని కొట్టించి ఎక్స్-కిరణాలు పుట్టిస్తారు. 1953లో లండన్ హామర్‌స్మిత్‌లో, 1956లో స్టాన్‌ఫర్డ్‌లో మొదటి రోగులు. ఇప్పుడు మన ఊళ్ళో ఎక్కువగా వినే "లీనాక్" ఇదే. ఇక్కణ్ణుంచి వైద్యంలోకి మన జాతి, అంటే సాఫ్ట్‌వేర్ జాతి, ప్రవేశించింది. ఏం వెలగబెట్టామో కూడా చెప్పుకోవాలి.

అడయార్‌కి కోబాల్టు మిషన్ ఇచ్చిన కెనడా ప్రభుత్వ సంస్థే, ఎ.ఇ.సి.ఎల్., థెరాక్-25 అనే ఆక్సిలరేటర్ని తయారుచేసింది. పాత మోడళ్ళలో తప్పు జరిగితే ఆపే హార్డ్‌వేర్ తాళాలుండేవి. ఇందులో వాటిని తీసేసి, సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అన్నారు. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు ఆరుగురికి ఇవ్వాల్సిన దానికంటే ఎన్నో రెట్లు, కొందరికి దాదాపు వంద రెట్ల దాకా, డోసు వెళ్ళింది. కనీసం ముగ్గురు చనిపోయారు. టెక్సస్‌లో టైలర్ అనే ఊళ్ళో జరిగినదానికి కారణం రేస్ కండిషన్. ఆపరేటరు తప్పు మోడ్ కొట్టి, ఎనిమిది సెకన్లలోపే వేగంగా దిద్దితే, తెర మీద కొత్త విలువ కనిపించేది, మిషన్ మాత్రం సగం పాత స్థితిలో ఉండేది. తెర మీద వచ్చే సందేశం "మాల్‌ఫంక్షన్ 54". దాని అర్థమేమిటో ఆపరేటరుకి తెలిసే దారి లేదు, "ప్రొసీడ్" కొట్టేస్తే మళ్ళీ కిరణం వచ్చేది. ఇంకో ఊళ్ళో ఒక్క బైటు వేరియబుల్‌ని సెట్ చెయ్యకుండా పెంచుకుంటూ పోవడంతో 256 సార్లకొకసారి సున్నా అయి, తనిఖీ దాటవేసేది. టైలర్‌లో బయటపడ్డ లోపం పాత థెరాక్-20లోనూ ఉంది, అక్కడ ఫ్యూజు పోయి ఊరుకునేది. 1993లో నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ రాసిన వ్యాసంలో ఇదంతా ఉంది. మన ఉద్యోగాల్లో చేరేవాళ్ళకి మొదటి వారం చదివించాల్సింది అదీ, హెచ్.ఆర్. వాళ్ళ స్లైడ్లు కాదు :-)

ఇది చదివి ఎవరూ భయపడక్కర్లేదు. ఇవాళ మన దేశంలో ఇలాంటి ఏ మిషన్ నడపాలన్నా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి, మెడికల్ ఫిజిసిస్టు ఉండాలి, డోసు కొలిచి సరిచూడాలి.

ఇక మన ఊరి సంగతి. 1985లో ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఆయన భార్య బసవతారకం గారు కాన్సరుతో పోయారు. ఆవిడ పేరు మీద బంజారాహిల్స్‌లో ఇండో-అమెరికన్ కాన్సర్ ఆసుపత్రి 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా మొదలైంది. దీని వెనక అమెరికా తెలుగు డాక్టర్లున్నారు, వారిలో నోరి దత్తాత్రేయుడు గారు ముఖ్యులు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, న్యూయార్క్ వెళ్ళి, మూలాన్ని గడ్డ దగ్గరే పెట్టే బ్రాకీథెరపీలో పేరు తెచ్చుకున్న మనిషి. 2015లో పద్మశ్రీ, 2022లో పద్మభూషణ్. రేడియం సూదులు చేత్తో పెట్టిన కాలం నుంచి, డాక్టరు వేరే గదిలో ఉండగా మిషనే మూలాన్ని లోపలికి పంపే కాలం దాకా వచ్చిన మార్పులో ఆ తరం పాత్ర ఉంది.

గమనించారా, రెడ్‌హిల్స్, బంజారాహిల్స్... పేరున్న కాన్సర్ వైద్యమంతా పడమటి దిక్కునే పెరిగింది. రోగులు మాత్రం సగంమంది తూర్పు నుంచే దిగుతారు, నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం రోడ్డు మీదుగా. మన ఐటీ ఉద్యోగాలూ అంతే కదా, ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, ఆఫీసు మాదాపూర్. తేడా ఏంటంటే మనకి క్యాబు ఉంటుంది, నోట్లో పుండ్లుండవు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ మెట్రో మొదలయ్యే దాకా, కోఠి మీదుగా సిటీ బస్సులో నిలబడి వెళ్ళిన రోగులెందరో. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్లో ఎక్కితే తొమ్మిదో స్టేషను లక్డీకాపూల్. ఈ నగరంలో రేడియేషన్ వైద్యానికి జరిగిన మేళ్ళలో మెట్రోని కూడా లెక్కేస్తాను నేను.

2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ ఇంకో మలుపు. మొదట మూడు జిల్లాలు, తర్వాత రాష్ట్రమంతా. దాన్ని ఎన్ని తిట్టినా, తెల్లకార్డున్న కూలీ మనిషి లీనాక్ కింద పడుకోగలిగింది దాని వల్లే. కానీ ఏ పథకమైనా మిషన్ ఖర్చు భరిస్తుంది, ఏడు వారాలు పోయిన కూలీనీ, తోడు వచ్చిన మనిషి కూలీనీ ఎవరూ భరించరు. అందుకే నా దృష్టిలో రేడియేషన్‌కి అసలు ధర రూపాయల్లో కాదు, రోజుల్లో ఉంది.

ఆ రోజులు తగ్గుతాయా? తగ్గుతున్నాయి. రొమ్ము కాన్సరుకి ఆపరేషన్ తర్వాత 25 సిట్టింగులు, 50 గ్రేలు అనేది ఎన్నో ఏళ్ళు వేదవాక్కు. ఇంగ్లాండులో మాంచెస్టరు లాంటి చోట్ల రద్దీ వల్లో మిషన్ల కొరత వల్లో ఎప్పట్నుంచో మూడు వారాల్లోనే ముగించేవాళ్ళు. మిగతావాళ్ళు అదేదో సర్దుబాటు అనుకున్నారు. తీరా స్టార్ట్ పేరుతో పెద్ద ట్రయల్స్ చేసి ఏళ్ళ తరబడి చూస్తే, 40 గ్రేలు 15 సిట్టింగుల్లో ఇచ్చినా ఫలితం తీసిపోలేదు. పేదరికపు సర్దుబాటే సరైన పద్ధతని తేలింది! 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఇంకా ముందుకెళ్ళి ఐదు సిట్టింగుల్లో 26 గ్రేలతో ఒకే వారంలో ముగించి, ఐదేళ్ళ ఫలితాలు చూపించింది. మన దేశంలో కోల్‌కతా టాటా మెడికల్ సెంటరు వాళ్ళు హైపోర్ట్ పేరుతో మూడు వారాలకీ ఒక వారానికీ పోటీ పెట్టారు. గొంతు, నోటి కాన్సర్లలో కూడా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపిన హిప్నో ట్రయల్‌లో 33 సిట్టింగులకి 20 సిట్టింగులు తీసిపోలేదని 2023లో ప్రకటించారు.

అందరికీ ఇది కుదరదు. గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, పక్కన వెన్నుపాముందా, కీమో కలిపి ఇస్తున్నారా అన్నది డాక్టరు చూసుకుంటారు. కానీ ఇంట్లో ఎవరికైనా అవసరం పడితే, "తక్కువ సిట్టింగుల పద్ధతి మాకు కుదురుతుందా?" అని ప్లానింగుకి ముందే అడగండి. మన ఊళ్ళ జనం అలా అడగరు, ఫైలు పట్టుకున్న మీరే అడగాలి. మొదలైపోయాక మధ్యలో మార్చడం తేలిక కాదు.

కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉండే స్థలంలో, మార్కెట్టుని బాటసింగారానికి తరలించాక, 2022 ఏప్రిల్ 26న టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. తూర్పు నుంచి వచ్చేవాళ్ళకి బస్సు దిగిన చోటు నుంచి నడిచే దూరం. అక్కడ లీనాక్ ఉండి, ఐదు సిట్టింగులతో పని జరిగే కాన్సరైతే, సూర్యాపేట మనిషి సోమవారం పొద్దున ఎల్.బి.నగర్లో దిగి శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. గది అద్దెకి తీసుకునే పనే ఉండదు.